వేసవిలో విప్పిన జీపు టాపు



"ఉద్యోగంలో ఉండగా మీరు చూసిన చరిత్ర ఏదైనా ప్రత్యేక సంచికకు రాయండి" అని మన కార్యదర్శిగారు కబురు పెట్టినప్పుడు, నా దగ్గర చరిత్ర ఏముంటుంది అనుకున్నాను. నేను పెద్ద అధికారిని కాను. 1969లో ఎల్.డి.సి.గా చేరి, టెక్కలి, పలాస ప్రాంతాల్లోనే తిరిగి, 2003లో దిగిపోయిన గుమస్తాని. నా చేతిలో ఉన్నవల్లా రిజిస్టర్లు. వాటిలో ఒకదానిలో నేను రాయవలసిన ఒక వరస రాయలేదు. దానివల్ల ఒక డ్రైవరుకి గ్రాట్యుటీ ఆగింది. ఆ వరస ఒక జీపు రేకు టాపు గురించీ, దాని రెండు డోర్ల గురించీ.

వేసవి రాగానే జీపు టాపు, డోర్లు విప్పి దాచడమనే పని మన ఆఫీసుల్లో ఒకప్పుడు ఏటేటా జరిగేది. ఇప్పటి పిల్లలకు అలాంటి పని ఒకటి ఉండేదని కూడా తెలియదు. అది ఎలా వచ్చింది, ఎలా చేసేవాళ్ళం, ఎలా పోయింది అన్నది నాకు తెలిసినంతవరకు రాస్తాను. నా తప్పు సంగతి కూడా దాచకుండా చెబుతాను.

విప్పే బండి ఎక్కడిది?

జీపు యుద్ధంలో పుట్టిన బండి. 1940లో అమెరికా సైన్యం తేలికగా ఉండి, నాలుగు చక్రాలూ లాగే చిన్న బండి కావాలని కంపెనీలను అడిగింది. మొదటి నమూనా బాంటమ్ అనే చిన్న కంపెనీ తయారుచేసి ఇచ్చింది. తరవాత విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు యుద్ధం ముగిసేలోగా ఆరు లక్షలకు పైగా జీపులు తయారుచేశాయి. ఆ బండికి అసలు డోర్లే లేవు. మనిషి పడిపోకుండా పక్కన ఒక పట్టీ ఉండేది. నెత్తిన ఇనప కమ్ములు, వాటిమీద కాన్వాసు గుడ్డ. ముందు అద్దాన్ని కూడా బోనెట్ మీదికి వాల్చవచ్చు. సిపాయి గబుక్కున ఎక్కాలి, గబుక్కున దూకాలి. ఓడలో ఎక్కించినప్పుడు బండి తక్కువ చోటులో ఇమడాలి. అందుకని విప్పడానికి వీలుగా ఉండడం ఆ బండికి పుట్టుకతోనే వచ్చింది.

మన దేశంలో దీని కథ 1945లో మొదలవుతుంది. ఆ ఏడు లూథియానాలో మహీంద్రా సోదరులు జె.సి., కె.సి. గార్లు, మాలిక్ గులాం మహమ్మద్ గారు కలిసి ఉక్కు వ్యాపారానికి ఒక కంపెనీ పెట్టారు. దాని పేరు మహీంద్రా అండ్ మహమ్మద్. దేశ విభజన తరవాత గులాం మహమ్మద్ గారు పాకిస్తాన్ వెళ్ళి అక్కడ మొదటి ఆర్థికమంత్రీ, ఆ తరవాత గవర్నర్ జనరలూ అయ్యారు. ఇక్కడి కంపెనీ 1948లో మహీంద్రా అండ్ మహీంద్రా అయింది. విల్లీస్ వారి అనుమతితో విడిభాగాలు తెప్పించుకుని, బొంబాయిలోని మజ్‌గావ్‌లో జీపులు బిగించడం ఆ దశాబ్దం చివర్లోనే మొదలైంది. 1953లో అమెరికాలో సీజే-3బీ అనే రకం వచ్చింది. ఇంజను కాస్త పొడుగు కావడంవల్ల దాని బోనెట్ ఎత్తుగా ఉండేది. ఆ రకాన్ని మన దేశంలో దశాబ్దాలపాటు తయారుచేశారు. మనం ఆఫీసుల ముందు వేపచెట్టు కింద చూసిన ఎత్తు బోనెట్ జీపు అదే.

అది మన పల్లెలకు ఎలా చేరింది? 1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకం మొదలైంది. బ్లాకులు వచ్చాయి, బ్లాకాఫీసులు వచ్చాయి, వాటితోపాటు జీపులు వచ్చాయి. 1959లో మన రాష్ట్రంలో పంచాయతీ సమితులు ఏర్పడ్డాయి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు యునిసెఫ్ సంస్థ వాహనాలు ఇచ్చింది. శ్రీకాకుళం జిల్లా ఏర్పడింది 1950 ఆగస్టు 15న. కొత్త జిల్లాకీ కొత్త జీపుకీ వయసు ఇంచుమించు ఒకటే. పల్లెలో దుమ్ము లేస్తే "జీపొస్తంది" అనేవారు. అంటే సర్కారు వస్తోందని అర్థం. పిల్లలు వెనక పరిగెత్తేవారు. పన్ను బకాయి ఉన్న ఆసామి తోటలోకి తప్పుకునేవాడు.

రేకు టాపు ఎందుకు వచ్చింది?

కంపెనీ నుంచి జీపు గుడ్డ టాపుతోనే వచ్చేది. పక్కలకు కూడా గుడ్డ తెరలే. వానాకాలంలో వాటి కుట్ల దగ్గర నీరు కారేది. చలికాలంలో తెల్లవారుజామున హరిపురం నుంచి మందస వైపు క్యాంపుకి వెళితే మహేంద్రగిరి నుంచి దిగే చలిగాలికి చెవులు పోయేవి. పైగా మస్టరు రోల్సు, నగదు పెట్టె, స్టాంపులు బండిలో పెట్టి తాళం వేయడానికి తలుపే లేదు. ఆడిట్ వారు ఈ మాట అడిగారు, అధికారులు ఆలోచించారు. బయట బాడీ కట్టేవాళ్ళ దగ్గర రేకు టాపు, రేకు డోర్లు చేయించుకోవడం అలా మొదలైంది. మా ఆఫీసు జీపుకి కూడా 1970ల్లో ఒక టాపు, రెండు డోర్లు చేయించారు. వాటి వోచరు నేనే అతికించాను. స్టాకు రిజిస్టరులో ఎక్కించింది కూడా నేనే. ఎక్కించడంలో నేనెప్పుడూ వెనకపడలేదు, దించడం దగ్గరే వచ్చింది తంటా.

ఎండ కోసం కాదు, గాలి కోసం

ఈ రేకు టాపు జూలై నుంచి ఫిబ్రవరి దాకా దేవుడే. మార్చి దాటితే పెనం. మధ్యాహ్నం పన్నెండు గంటలకి ఆ రేకు మీద చెయ్యి పెట్టలేం. దానికి తోడు ఇంజను వేడి కాళ్ళ దగ్గరనుంచి లోపలికి కొడుతుంది. డోర్లు మూసి ఉంటే ఆ వేడి పోవడానికి దారి ఉండదు. టెక్కలి నుంచి ఇచ్ఛాపురం దాకా అలా వెళ్ళివచ్చిన అధికారి ఆఫీసులో దిగి ఎవరిమీద కోప్పడతారో చెప్పలేం.

అమెరికాలోనూ, ఇతర చలిదేశాల్లోనూ జీపులున్నవాళ్ళు వేసవి రాగానే గట్టి టాపు, డోర్లు విప్పుతారు. వాళ్ళకి ఏడాదిలో కొన్ని నెలలే ఎండ. ఆ ఎండ ఒంటికి తగలాలని వాళ్ళ ముచ్చట. మనం విప్పింది ఎండ కోసం కాదు, గాలి కోసం. అందుకని మనవాళ్ళు రేకు టాపు దించి, దాని చోట పాత కాన్వాసు టాపు కట్టేవారు. నెత్తిన గుడ్డ నీడ ఉండాలి, పక్కల నుంచి సముద్రపు గాలి ఆడాలి. రెండు చోట్లా పని ఒకటే, కారణం మాత్రం తలకిందులు.

మా ఆఫీసులో కొత్తగా వచ్చిన ఒక అధికారి ఈ సంగతి తెలియక, సినిమాలో చూసినట్టు కాన్వాసు కూడా వద్దన్నారు. డ్రైవరు "అయ్యా, మన ఎండకి ఆగలేం" అని చెప్పి చూశాడు. వినలేదు. ఏప్రిల్ నెలలో ఒకరోజు అక్కుపల్లి వెళ్ళి తిరిగివస్తుండగా సాయంత్రం నాలుగింటికి పడమట నల్లగా కమ్మింది. మన జిల్లాలో ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రంపూట ఉన్నట్టుండి గాలివాన వస్తుందని మీ అందరికీ తెలుసు. వజ్రపుకొత్తూరు చేరేలోగా జీపులో కాళ్ళకింద నీళ్ళు నిలిచాయి. తడిసిన కాగితాలు రెండు రోజులు ఆఫీసు వసారాలో ఎండేశాను. మర్నాటి నుంచి కాన్వాసు వద్దని ఎవరూ అనలేదు.

మన తీరం, మన తుప్పు

మన ప్రాంతానికి ఇంకో కారణం కూడా ఉంది. ఉద్దానం అంటే ఉద్యానం నుంచి వచ్చిన మాట అని పెద్దలు చెబుతారు. కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలు. వాటి మధ్య ఇసక బాటలు. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు వైపు లోపలి ఊళ్ళకి ఆ రోజుల్లో చాలావరకు ఇవే దార్లు. ఇసకలో చక్రం దిగబడుతుందేమో చూడాలంటే డ్రైవరు తల బయటపెట్టి కిందికి చూడాలి. దిగబడితే అందరం గబుక్కున దిగి తొయ్యాలి. డోరు ఉంటే రెండిటికీ అడ్డమే. జీడిచెట్ల కొమ్మలు కిందికి వాలి ఉంటాయి కనక డోర్ల రంగు గీసుకుపోయేది కూడా.

అన్నిటికంటే పెద్ద శత్రువు ఉప్పుగాలి. టెక్కలి నుంచి నౌపడ మీదుగా భావనపాడు వెళ్ళే దారిలో ఉప్పు కయ్యలు చూసే ఉంటారు. ఆ గాలి తగిలిన రేకుకి తుప్పు తొందరగా పడుతుంది. అందులోనూ డోరు అడుగున ముందు పడుతుంది. డోరులోకి దిగిన నీరు పోవడానికి అడుగున చిన్న కన్నాలుంటాయి. ఇసక, ఆకుల పొడి చేరి అవి మూసుకుపోతే నీరు లోపలే నిలిచి, రేకు లోపలినుంచి తింటుంది. పైకి రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది. ఒకరోజు వేలు పెడితే లోపలికి దిగుతుంది. ఏడాదికోసారి విప్పితేనే ఆ కన్నాలు కనబడేవి. అంచేత ఈ విప్పడం సుఖం కోసమే అనుకోకండి. బండి ఆయుష్షు కోసం కూడా.

విప్పే పద్ధతి

మా డ్రైవరు అయిదో తరగతి చదివిన మనిషి. నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. నేను "బాబాయ్" అనేవాణ్ణి, ఆయన నన్ను "గుమస్తా బాబూ" అనేవాడు. శ్రీరామనవమి పందిళ్ళు వేసేనాటికి విప్పాలి, మృగశిర కార్తె వచ్చేనాటికి ఎక్కించాలి. ఇది ఆయన పెట్టుకున్న లెక్క. రోహిణిలో రోళ్ళు పగిలే ఎండకి గుడ్డ టాపు, జూన్ రెండో వారంలో వానలు దిగేసరికి రేకు టాపు.

పని ఎప్పుడూ ఆదివారం పొద్దున్నే, రేకు చల్లగా ఉండగా జరిగేది. మొదట డోర్లు. డోరు బాగా తెరిచి, అది ఎక్కువ దూరం పోకుండా పట్టుకునే పట్టీ ఊడదీసి, కీళ్ళలో పిన్నులు తీసి, ఇద్దరు పట్టుకుని నిటారుగా పైకి లేపాలి. పక్కకి గుంజితే కీలు వంగుతుంది. తరవాత టాపు. ముందు అద్దం చట్రానికీ, వెనక బాడీ అంచులకీ బోల్టులుంటాయి. తుప్పుపట్టిన బోల్టుని బలంగా తిప్పితే తెగుతుంది. అందుకని ముందురోజు రాత్రే కిరసనాయిలు కలిపిన నూనె చుక్కలు వేసి ఉంచేవాడు. బోల్టులన్నీ ఊడినా టాపు వెంటనే లేవదు. కింద రబ్బరు పట్టీ అంటుకుని ఉంటుంది. దాన్ని మెల్లగా విడదీయాలి తప్ప స్క్రూడ్రైవరు గుచ్చకూడదు.

టాపు ఎత్తడానికి నలుగురు మనుషులు కావాలి. మనుషులు దొరకనప్పుడు ఆయన ఇంకో ఉపాయం చేసేవాడు. ఉద్దానంలో కొబ్బరిపీచు తాళ్ళకి కొదవ లేదు. షెడ్డు దూలాలకి రెండు మోకులు వేసి, టాపుని ముందూ వెనకా కట్టి, జానెడు పైకి లాగి ఆపేవాడు. క్లీనరు జీపుని కిందనుంచి మెల్లగా ముందుకి తోసేవాడు. టాపు గాలిలో, బండి బయట! అమెరికావాళ్ళు గరాజు కప్పుకి కప్పీలు బిగించి చేసే పని కూడా ఇదేనని చాలా ఏళ్ళ తరవాత ఒక పుస్తకంలో బొమ్మ చూసి తెలుసుకున్నాను. మా డ్రైవరు ఆ పుస్తకం చూసి ఉండడు.

కాశీబుగ్గలో ఒక ముసలి మేస్త్రీ మా బండి బాగుచేసేవాడు. ఆయన ఒకటే మాట అనేవాడు: "దించీడం పెద్ద పని కాదు బాబూ. మళ్ళీ ఎక్కించీటప్పుడు తెలుస్తాది, ఎవుడు సరిగ్గా దించినాడో."

దాచే పద్ధతి

మీ ఇళ్ళల్లో పాత జీపులున్నవాళ్ళకి పనికొస్తుందని ఇది కొంచెం వివరంగా రాస్తున్నాను.

టాపుని ముందు మంచినీళ్ళతో కడిగి ఉప్పు పోగొట్టాలి. బాగా ఆరాక, రంగు లేచిన చోట గీకి ఎర్ర ప్రైమరు రాయాలి. దాన్ని బండిమీద ఎలా ఉంటుందో అలాగే నిలబెట్టాలి తప్ప వెల్లకిలా పడేయకూడదు, దానిమీద బరువు పెట్టకూడదు. సిమెంటు నేల చెమ్మ లాగుతుంది కనక కింద చెక్కలు వేయాలి. మా డ్రైవరు తాటిదూలం ముక్కలు నాలుగు వేసేవాడు. వాటికి చెద పట్టకుండా జీడిపిక్కల నూనె పూసేవాడు. మన పలాసలో అది దొరకడం కష్టం కాదు, మత్స్యకారులు పడవ చెక్కలకి పూసేదే. అయితే అది చేతికి అంటితే ఒళ్ళు పొక్కుతుంది. గుడ్డ చుట్టిన కర్రతో పూయాలి.

డోర్లు ఒకదానిమీద ఒకటి పడుకోబెట్టకూడదు. అద్దం పగులుతుంది, రేకు సొట్ట పడుతుంది. నిలువుగా, మధ్యలో గోనెసంచులు పెట్టి గోడకి చేర్చాలి. అడుగు కన్నాలు పుల్లతో శుభ్రం చేసి ఉంచాలి. కీళ్ళకి గ్రీజు రాయాలి. రబ్బరు పట్టీలకి మాత్రం గ్రీజు, పెట్రోలు తగలకూడదు, రబ్బరు ఉబ్బి పాడవుతుంది. వాటికి ఫ్రెంచి చాకు పొడి చల్లితే చాలు. పైన కప్పేది పాత దుప్పటి కావాలి, ప్లాస్టిక్ కాగితం కాదు. ప్లాస్టిక్ కింద చెమ్మ చేరి, బయట ఉంచినదానికంటే ముందు తుప్పు పడుతుంది.

జూన్‌లో కాన్వాసు వంతు. తడిగా మడిస్తే బూజు పడుతుంది. సబ్బు లేకుండా కడిగి, నీడన ఆరబెట్టి, మడత పెట్టకుండా చాపలా చుట్టాలి. వెనక ప్లాస్టిక్ అద్దం మడత దగ్గరే పగులుతుంది. ఎలుకలు కొరక్కుండా పైన వేలాడదీయాలి.

చివరి మాట షెడ్డు గురించి. మనకి గాలివానల భయం ఉంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మన వజ్రపుకొత్తూరు వైపే తీరం దాటింది. ఆ గాలికి కొబ్బరిచెట్లూ జీడితోటలూ ఏమయ్యాయో మనం కళ్ళారా చూశాం. విడిగా ఉన్న రేకు టాపు అలాంటి గాలికి లేచిందంటే అది కత్తే. దాచినదాన్ని తాడుతో నేలకి కట్టి ఉంచాలి.

నేను రాయని వరస

ఇక నా సంగతి. 1985 మార్చి 31. ఆదివారమే గాని ఆర్థిక సంవత్సరం ఆఖరు రోజు కనక బిల్లుల కోసం ఆఫీసు తెరిచి కూర్చున్నాం. పొద్దున్న తొమ్మిదింటికి డ్రైవరు చేతులకి గ్రీజుతో గుమ్మంలోకి వచ్చి, "గుమస్తా బాబూ, రేకు దించీసినాం. రిజిస్టరులో ఒక ముక్క రాసీండి" అన్నాడు. నా ముందు బిల్లుల కట్ట ఉంది. "రేపు రాస్తానులే బాబాయ్" అన్నాను. ఆ రేపు రాలేదు.

మే నెలలో రాష్ట్రమంతటా తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. ఆఫీసులు కలిశాయి, విడిపోయాయి, బల్లలూ బీరువాలూ ఊళ్ళు మారాయి. జూన్‌లో రేకు టాపు ఎక్కించకముందే మా జీపుని వేరే ఆఫీసుకి ఇచ్చేశారు. గుడ్డ టాపుతోనే వెళ్ళిపోయింది. చార్జి లిస్టులో "జీపు 1" అని ఉంది, అంతే. మరుసటి ఏడు మా ఆఫీసు అద్దె ఇల్లు మారింది. పాత ఇంటి షెడ్డులో దించిన టాపు గురించి ఎవరికీ గుర్తు లేదు. నాకు కూడా లేదు.

1988లో డ్రైవరు రిటైరయ్యాడు. నో డ్యూస్ సర్టిఫికెట్ కోసం లెక్కలు చూస్తుంటే పాత వోచరు బయటపడింది. రేకు టాపు ఒకటి, డోర్లు రెండు. రిజిస్టరు ప్రకారం అవి జీపుకి బిగించి ఉన్నాయి. జీపు తీసుకున్నవాళ్ళు మాకు అందలేదన్నారు. బండి ఎవరి చేతిలో ఉంది? డ్రైవరు చేతిలో. కనక విలువ ఆయన దగ్గర రాబట్టాలి, అంతవరకు గ్రాట్యుటీ ఆపాలి అని నోటు పెట్టారు. ఆయన "పాత షెడ్డులోనే ఉన్నాయి సార్" అన్నాడు. "దించినట్టు ఎక్కడైనా రాసి ఉందా?" అని అడిగారు. ఆయన నావైపు చూడలేదు. నేను కూడా నోరు విప్పలేదు. ఆ ఒక్క రోజు మౌనం నా ముప్పై నాలుగేళ్ళ సర్వీసులో నాకు నచ్చని రోజు. ఆయన కూతురికి పెళ్ళి కుదిరి ఉంది. ఆ డబ్బు మీదే ముహూర్తం పెట్టుకున్నారు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. వచ్చే ఆదివారం ఆయన్ని వెంటబెట్టుకుని బస్సులో పాత ఆఫీసు ఉన్న ఊరికి వెళ్ళాను. ఇంటివారు షెడ్డు నిండా కొబ్బరిడొక్కలు పోశారు. అడిగితే "మీవేనా? ఎవరో వచ్చి అడుగుతారని కదపలేదు బాబూ" అన్నారు. మధ్యాహ్నం దాకా ఇద్దరం డొక్కలు తోడాం. కింద తాటిదూలాల మీద టాపు నిలబడి ఉంది. గోనెసంచుల మధ్య డోర్లు. మూడేళ్ళు దాటినా ఒక మూల తప్ప తుప్పు లేదు. దూలానికి తీగతో ఒక పాలపొడి డబ్బా వేలాడుతోంది. మూత తీస్తే గ్రీజులో బోల్టులు, పైన ప్లాస్టిక్ సంచిలో ఒక చీటీ. పెద్ద పెద్ద అక్షరాలతో ఆయన చేతిరాత:

"31-3-85 ఆదివారం. రేకు టాపు 1. డోర్లు 2. బోల్టులు 14. పిన్నులు 4. గుమస్తా బాబుకి చెప్పినాను."

ఆ ఆఖరి మాట చదివి నేను కొబ్బరిడొక్కల మీదే కూర్చుండిపోయాను. ఆ చీటీ ఉందని ఆయనకి తెలుసు. ఆఫీసులో నిలబెట్టి అడిగినప్పుడు నా పేరు ఎత్తి ఉండవచ్చు. ఎత్తలేదు. ఎందుకు చెప్పలేదు బాబాయ్ అంటే, "మీమీద రాసింది కాదు బాబూ. నాకు మరుపొస్తాదని రాసుకున్నాను" అన్నాడు.

మర్నాడు ఆ చీటీ జతచేసి, రిజిస్టరులో రాయకపోవడం నా పొరపాటేనని కాగితం పెట్టాను. నాకు మెమో వచ్చింది. నాలుగు నెలల తరవాత ఆయనకి గ్రాట్యుటీ వచ్చింది. పెళ్ళి అనుకున్న ముహూర్తానికి కాకపోయినా ఆ ఏడాదే జరిగింది. నన్ను పిలిచారు, వెళ్ళాను. ఆ టాపు, డోర్లు తరవాత వేలంలో తుక్కు కింద పోయాయి. మా డ్రైవరు ఇప్పుడు లేడు.

ఆ పని ఎలా పోయింది?

1985 డిసెంబరులో మారుతీ జిప్సీ వచ్చింది. అందులోనూ గుడ్డ టాపు, గట్టి టాపు రెండు రకాలూ ఉండేవి. 1993లో ఆర్మడా, 2000లో బొలేరో వచ్చాయి. కప్పు, తలుపులు బాడీలో భాగమైపోయాయి. ఏసీ వచ్చాక గాలి కోసం విప్పే అవసరమే లేదు. చాలా ఆఫీసులకి సొంత బండి పోయి అద్దె కారు వచ్చింది. జాతీయ రహదారి నాలుగు వరసలైంది. అయిదో నంబరు పదహారో నంబరైంది. ఉద్దానం ఊళ్ళకి తారు, సిమెంటు రోడ్లు పడ్డాయి. ఇవన్నీ మంచివే. పోయిందల్లా ఏడాదికోసారి బండిని విప్పి లోపల ఏముందో చూసే అలవాటు.

2010లో థార్ అనే పేరుతో జీపులాంటి బండి మళ్ళీ వచ్చింది. 2020లో వచ్చిన కొత్త థార్‌ని గుడ్డ టాపుతోనూ, గట్టి టాపుతోనూ అమ్మారు. మన మనవలకి అదంటే మోజు. వాళ్ళకి ఒక మాట చెప్పండి. 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను ప్రకారం రిజిస్ట్రేషన్‌లో ఉన్న వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. కంపెనీ ఇచ్చిన రూపానికి విరుద్ధంగా మార్పులు చెల్లవని సుప్రీంకోర్టు 2019 జనవరిలో తీర్పు కూడా ఇచ్చింది. టాపు మార్చాలన్నా, డోర్లు తీసి రోడ్డెక్కాలన్నా ముందు రవాణా ఆఫీసులో అడగండి. మా రోజుల్లో డోరు లేని జీపు అంచున కూర్చుని ప్రయాణం చేశాం. పడకపోవడం మా అదృష్టమే గాని తెలివి కాదు.

ఈ వ్యాసం చదివిన పెన్షనరు మిత్రులకు నా మనవి ఒకటే. మనకిప్పుడు విప్పి దాచడానికి జీపులు లేవు. కాని పెన్షను పుస్తకం, పి.పి.ఓ., బ్యాంకు కాగితాలు, ఇంటి దస్తావేజులు ఉన్నాయి. ఏది ఎక్కడ పెట్టారో, ఎవరికి చెప్పారో ఒక చీటీ రాసి ఇంట్లోవాళ్ళకి చూపించండి. ఈ పని రేపటికి వాయిదా వేయకండి. నేను ఒక రేపటికి వాయిదా వేస్తే, ఇంకొకరి ఇంట్లో పెళ్ళి ముహూర్తం మారింది.

ఆ రోజుల్లో జీపులు నడిపిన డ్రైవర్లు మన సంఘంలో ఇంకా కొందరున్నారు. వారి లాగ్ బుక్కులు, ఫొటోలు ఉంటే పారేయకుండా సంఘం ఆఫీసుకి ఇవ్వవలసిందిగా కోరుతున్నాను. అలా వచ్చినవాటిని ఈసారి నేనే రిజిస్టరులో ఎక్కిస్తాను, అదే రోజు.

ఇట్లు,
మీ సహోద్యోగి,
ఒక విశ్రాంత గుమస్తా